2016 మస్టాంగ్ జీటీకి ఇంటి గ్యారేజీలో సూపర్‌ఛార్జర్ కిట్టు: ఏ వరసలో చేయాలి, ఎక్కడ దెబ్బతింటుంది

ప్రశ్న క్లుప్తంగా ఇది. కారు 2016 మస్టాంగ్ జీటీ, 5.0 లీటర్ల వీ8, మాన్యువల్ గేర్లు, దాదాపు 60 వేల మైళ్లు తిరిగింది. ఇల్లు డాలస్ దగ్గర. 2.3 లీటర్ల రోటర్ల రకం సూపర్‌ఛార్జర్ (బెల్టుతో తిరుగుతూ ఇంజన్‌లోకి అదనపు గాలి నెట్టే యంత్రం) కిట్టు కొనేశారు. షాపువాళ్లు బిగింపు కూలి చాలా ఎక్కువ చెబుతున్నారు. తమ్ముడి సాయంతో గ్యారేజీలోనే చేసుకోవచ్చా, కిట్టుతో వచ్చిన పుస్తకం చాలా?

చేసుకోవచ్చు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే భాగం) విప్పి మళ్లీ బిగించగలిగినవాళ్లు ఈ పని చేయగలరు. పుస్తకం ఏ బోల్టు తర్వాత ఏ బోల్టో బాగానే చెబుతుంది. మీ ఇంజన్ ఈ భారం మోయగలదా, పెట్రోలు చాలినంత అందుతోందా, మొదటి స్టార్ట్‌కి ముందు ఏం పరీక్షించాలి అన్నవి మాత్రం అందులో ఒకటి రెండు వాక్యాల్లో తేలిపోతాయి. ఇంట్లో చేసిన కిట్లలో ఇంజన్లు పోయేది ఎక్కువగా అక్కడే, బోల్టుల దగ్గర కాదు. అందుకే బిగింపు కంటే ఆ సంగతులే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఇంజన్ ఆరోగ్యం చూడండి. మీది రెండో తరం కొయోటి (ఫోర్డ్ 5.0 లీటర్ల వీ8 ఇంజన్ పేరు), కంప్రెషన్ నిష్పత్తి 11.0కి 1. మామూలుగానే ఎక్కువ కంప్రెషన్ ఉన్న ఇంజన్ ఇది, దాని మీద బూస్ట్ (సూపర్‌ఛార్జర్ నెట్టే గాలి ఒత్తిడి) పెడుతున్నారు కాబట్టి ఒక్క సిలిండర్ బలహీనంగా ఉన్నా ముందు అదే పోతుంది. ప్లగ్గులు ఎలాగూ మార్చాలి, విప్పినప్పుడే ఎనిమిది సిలిండర్లకూ కంప్రెషన్ టెస్ట్ చేయండి. ఇంజన్ వెచ్చగా ఉండాలి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉండాలి, ఇంజెక్టర్లు పనిచేయకుండా ఆపాలి, బ్యాటరీకి ఛార్జర్ తగిలించి ఉండాలి. అన్నిటికంటే తక్కువ వచ్చిన సిలిండర్, అన్నిటికంటే ఎక్కువ వచ్చినదానిలో 75 శాతం ఉంటే చాలని మామూలు లెక్క. బూస్ట్ పెట్టబోయే ఇంజన్‌కి అది చాలదు, ఎనిమిదీ పది శాతం తేడాలోపు ఉండాలి. అనుమానంగా ఉన్న సిలిండర్‌కి లీక్‌డౌన్ టెస్ట్ (గాలి ఎక్కించి ఎంత లీకవుతోందో కొలవడం) చేయండి. పది శాతం లోపు లీకైతే నిశ్చింతగా ఉండొచ్చు. ఇరవై దాటితే కిట్టు పెట్టె మూసేసి ముందు ఆ సంగతి తేల్చుకోండి. గాలి ఎక్కడినుంచి పోతోందో చెవి పెట్టి వినండి. ఆయిల్ మూత దగ్గర బుస వినిపిస్తే రింగులు, ఎగ్జాస్ట్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కూలెంట్ ట్యాంకులో బుడగలొస్తే హెడ్ గాస్కెట్.

పాత ప్లగ్గుల్ని ఏ సిలిండర్‌ది ఏదో గుర్తు పెట్టి వరసగా పేర్చి చూడండి. ఒకదాని మీద మాత్రమే నల్లటి జిడ్డు ఉంటే ఆ సిలిండర్ ఆయిల్ తాగుతోంది. ఆయిల్ ఆవిరి పెట్రోలు ఆక్టేన్‌ని, అంటే ముందే పేలకుండా తట్టుకునే గుణాన్ని, దించేస్తుంది. బూస్ట్‌లో నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలయ్యేది ఆ సిలిండర్‌లోనే. కొత్త ప్లగ్గులు ఒక మెట్టు చల్లని రకం ఉండాలి, గ్యాప్ 0.028 నుంచి 0.032 అంగుళాల మధ్య పెట్టాలి. ఫ్యాక్టరీ గ్యాప్ ఇంతకంటే చాలా ఎక్కువ. బూస్ట్‌లో గాలి చిక్కబడుతుంది, ఆ గ్యాప్‌ని నిప్పురవ్వ దాటలేక ఆరిపోతుంది. ఆరిపోయిన ప్రతిసారీ మిస్‌ఫైరే. పెట్టెలోంచి తీసిన ప్లగ్గు సరైన గ్యాప్‌తోనే వచ్చిందని అనుకోకండి, ఎనిమిదీ ఫీలర్ గేజీతో కొలవండి. ఇరీడియం మొన మీద గేజీని ఒత్తితే మొన విరుగుతుంది. వంచాల్సి వస్తే పక్క కమ్మీనే వంచండి.

విప్పడం మొదలుపెట్టకముందే ఇంకో పని ఉంది, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ ఫైలు. కారు నడిచే స్థితిలో ఉండగానే కిట్టుతో వచ్చిన ట్యూనర్ పరికరంతో ఫ్యాక్టరీ ఫైలు చదివి కిట్టు కంపెనీకో మీ ట్యూనర్‌కో (ఈ ఫైలు సరిచేసి ఇచ్చే నిపుణుడు) పంపండి. వాళ్లు మీ కారు ఫైలుకి సరిపోయేలా తయారుచేసి తిప్పి పంపడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. ఫైలు చదివేటప్పుడు, రాసేటప్పుడు బ్యాటరీకి స్థిరమైన సప్లై ఇచ్చే ఛార్జర్ తగిలించి ఉంచండి. రాస్తుండగా వోల్టేజీ పడిపోతే కంప్యూటర్ మొరాయిస్తుంది, కారుని ట్రక్కు మీద ఎక్కించి డీలర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. ఫ్యాక్టరీ ఫైలు కాపీ ఒకటి ల్యాప్‌టాప్‌లో విడిగా దాచుకోండి. కొత్త ఫైలు ఎక్కకుండా, "ఒక్కసారి స్టార్ట్ అవుతుందో లేదో చూద్దాం" అని కొత్త ఇంజెక్టర్లతో స్టార్ట్ చేయకండి. పాత ఫైలుకి కొత్త ఇంజెక్టర్ల సైజు తెలియదు, అవసరానికి మించి పెట్రోలు పోస్తుంది. అది సిలిండర్ గోడల మీద ఆయిల్‌ని కడిగేసి కింద ఆయిల్ పాన్‌లోకి చేరుతుంది.

పెట్రోలు లెక్క ఒకసారి మీరే చేసి చూసుకోండి. బూస్ట్ ఉన్న పెట్రోలు ఇంజన్‌కి హార్స్‌పవర్ ఒక్కింటికి గంటకి దాదాపు 0.6 పౌండ్ల పెట్రోలు కావాలి. 600 హార్స్‌పవర్‌కి గంటకి 360 పౌండ్లు, ఎనిమిది ఇంజెక్టర్లకు పంచితే ఒక్కోదానికి 45. ఇంజెక్టర్‌ని దాని సామర్థ్యంలో 85 శాతానికి మించి నడపకూడదు, కాబట్టి రైలులో (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) అసలు ప్రెషర్ దగ్గర ఒక్కోటి 53 పౌండ్లు ఇవ్వగలగాలి. ఇంజెక్టర్ మీద రాసిన సంఖ్య సాధారణంగా 43.5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల ఒత్తిడి) దగ్గర కొలిచింది. ప్రెషర్ పెరిగితే ప్రవాహం ఆ నిష్పత్తి వర్గమూలం మేరకు పెరుగుతుంది. 47 పౌండ్ల ఇంజెక్టర్ 55 పీఎస్ఐ దగ్గర దాదాపు 53 ఇస్తుంది. అంటే 47 పౌండ్ల ఇంజెక్టర్లు వచ్చిన కిట్టులో 600 దగ్గర లెక్క సరిగ్గా సరిపోయింది, పైన మిగులు లేదు. ఇంకొంచెం చిన్న పుల్లీ వేద్దాం అనిపించినప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి. పంపు సంగతి కూడా ఇంతే. ఈ కారులో రిటర్న్ లైను లేదు, పంపు వేగాన్ని కంప్యూటరే అవసరాన్ని బట్టి మారుస్తుంది. కిట్టులో పంపుకి వోల్టేజీ పెంచే పెట్టె ఇస్తే దాన్ని వదిలేయకండి, దాని వైరింగు అన్నిటికంటే శ్రద్ధగా చేయండి. అక్కడ ఒక్క లూజు కనెక్షన్ ఉన్నా పూర్తి బూస్ట్‌లో పెట్రోలు తగ్గిపోతుంది, పిస్టన్ కరిగేది అప్పుడే.

టెక్సస్‌లో 93 ఆక్టేన్ దొరుకుతుంది కాబట్టి ఫైలు 93కే రాయించుకోండి, తర్వాత పొరపాటున కూడా 87 పోయకండి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు 91 మాత్రమే దొరుకుతుంది, వాళ్ల ఫైలు వేరు. ఇండియాలో చదివేవాళ్లకు ఒక మాట. అమెరికా పంపు మీద కనిపించే సంఖ్య రెండు కొలతల సగటు, మన పంపుల మీద ఉండేది ఆ రెండింటిలో ఒకటైన ఆర్ఓఎన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబరు) మాత్రమే. ఇక్కడి 91 మన లెక్కలో సుమారు 95–96, ఇక్కడి 93 సుమారు 98. ఈ తేడా తెలియక అమెరికా 91 ఫైలుని 91 ఆర్ఓఎన్ పెట్రోలు మీద నడిపితే నాకింగ్ ఖాయం.

పనిముట్లలో తప్పకుండా కావలసినవి: అంగుళ–పౌండ్లలో కొలిచే చిన్న టార్క్ రెంచ్, ఫ్యూయల్ లైను క్లిప్పులు విప్పే ప్లాస్టిక్ పనిముట్టు, చేత్తో కొట్టే వాక్యూమ్ పంపు, ప్రెషర్ గేజీ, ఇంజన్ ఎత్తే చిన్న క్రేను, ఓబీడీ లాగింగ్ పరికరం (కారు కంప్యూటర్ అంకెల్ని చదివి రికార్డు చేసేది), పెట్రోలు మంటకి పనికొచ్చే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. పెద్ద అర అంగుళం టార్క్ రెంచ్ ఒక్కటే ఉందని దానితో మానిఫోల్డ్ బోల్టులు బిగించకండి. చాలా కిట్లలో ఆ బోల్టుల టార్క్ 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే. పెద్ద రెంచ్ అంత తక్కువ దగ్గర క్లిక్కు ఇవ్వదు, అల్యూమినియం హెడ్‌లో మరలు ఊడి చేతికొస్తాయి. కంపెనీలు పది పన్నెండు గంటలని రాస్తాయి, అది లిఫ్టు మీద అలవాటున్న మనిషికి. మీరు రెండు వారాంతాలు పూర్తిగా పెట్టుకోండి, ఆఫీసుకి వెళ్లడానికి ఇంకో కారు ఉంచుకోండి. సోమవారం పొద్దున కారు కావాలన్న తొందరలోనే హోసులకు క్లాంపులు మర్చిపోతారు.

ఇక విప్పడం. ఇంజన్ పూర్తిగా చల్లారాక ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, స్టార్ట్ చేసి ఆగిపోయేదాకా ఉంచి, ఇంకో అయిదు సెకన్లు క్రాంక్ చేయండి. రైలులో ప్రెషర్ పోతుంది. తర్వాతే బ్యాటరీ నెగటివ్ తీసేయండి. అయినా లైను విప్పేటప్పుడు కొంచెం పెట్రోలు కారుతుంది, కింద గుడ్డ పెట్టండి. గ్యారేజీలో వాటర్ హీటర్ గ్యాసుదైతే దాని పైలట్ మంట ఆర్పండి, గ్యారేజీ తలుపు తెరిచే ఉంచండి. కూలెంట్ దించాక స్ట్రట్ బ్రేసు, గాలి గొట్టం, థ్రాటిల్ బాడీ కనెక్టర్, బ్రేకు బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టాలు (క్రాంక్‌కేసులోని ఆవిరిని లాగేవి), ఈవాప్ గొట్టం (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిది), మానిఫోల్డ్ రన్నర్ల వాక్యూమ్ కనెక్షన్లు ఒక్కొక్కటిగా విప్పుతూ టేపు ముక్క మీద పేరు రాసి అంటించండి. ఫొటో ఒక్కటే నమ్ముకోవద్దు. ఒకే సైజు గొట్టాలు మూడు పక్కపక్కన ఉన్న చోట ఫొటో ఏదీ చెప్పదు.

మానిఫోల్డ్ ఎత్తేముందు దాని చుట్టూ, హెడ్ అంచుల వెంట వాక్యూమ్ క్లీనర్ సన్నని మూతితో ఇసుక, ఎండుటాకులు, దుమ్ము తీసేయండి. ఈ అయిదు నిమిషాల పని మానేయకండి. ఎత్తగానే ఎనిమిది ఇన్‌టేక్ పోర్టులు పైకి తెరుచుకుని కనిపిస్తాయి, ఆ క్షణం నుంచి మూసేదాకా అక్కడ పడే ప్రతిదీ ఇంజన్ లోపలికే. ప్రతి పోర్టుకీ విడివిడిగా వెడల్పాటి టేపు వేసి గట్టిగా నొక్కండి. గుడ్డలు కుక్కకండి. గుడ్డ పోగులు వదులుతుంది, పైగా ఏ గుడ్డ ఎక్కడ కుక్కామో చివర్లో లెక్క తప్పుతుంది. విప్పిన బోల్టులు, క్లిప్పులు, వాషర్లు ట్రేలో లెక్కపెట్టి ఉంచండి. ఒక్క వాషర్ లెక్కకు రాకపోయినా, దొరికేదాకా క్రాంక్ తిప్పకండి. వాల్వు తెరిచి ఉన్న పోర్టులో పడితే అది సిలిండర్‌లో ఉన్నట్టే. సన్నని కెమెరా వైరుతో చూడండి, అయస్కాంతం అల్యూమినియానికీ కొన్ని స్టీలు వాషర్లకీ పనిచేయదు. లోయలో, రెండు హెడ్‌ల మధ్య నాక్ సెన్సర్లు ఉంటాయి. వాటి వైరు కొత్త మానిఫోల్డ్ కింద నలగకుండా ఎటునుంచి పోవాలో పుస్తకంలోని బొమ్మతో సరిచూడండి. ఆ వైరు నలిగితే నాకింగ్ జరుగుతున్నా కంప్యూటర్‌కి తెలియదు, తెలియకపోతే నిప్పురవ్వ టైమింగు వెనక్కి లాగదు.

ఇప్పుడు కిట్టు పుస్తకాల్లో చాలావాటిలో లేని పరీక్ష ఒకటి. మానిఫోల్డ్ లోపల ఉండే ఇంటర్‌కూలర్ (వేడెక్కిన గాలిని నీటితో చల్లార్చేది) కోర్‌ని బిగించకముందే ప్రెషర్ పెట్టి చూడండి. ఒక గొట్టానికి మూత, ఇంకో గొట్టానికి గేజీతో ఉన్న పంపు తగిలించి 20 పీఎస్ఐ ఎక్కించి అరగంట ఆగండి. ముల్లు కదలకూడదు. కొత్త కోర్ ఎందుకు లీకవుతుందని అడగొచ్చు. రవాణాలో దెబ్బ తగలొచ్చు, ఓరింగు సరిగ్గా కూర్చోకపోవచ్చు. ఆ కోర్ కారితే కూలెంట్ నేరుగా ఇన్‌టేక్ పోర్టుల్లోకి దిగుతుంది. రాత్రంతా కారు నిలబడి ఉండగా ఒక సిలిండర్ నిండితే, పొద్దున స్టార్టర్ తిప్పగానే పిస్టన్ పైకి వస్తుంది, నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అరగంట పరీక్షతో తప్పే నష్టం ఇది. బిగించాక ఇదే పరీక్ష చేయాలంటే మళ్లీ అంతా విప్పాలి.

ఇంజెక్టర్ల ఓరింగులకు శుభ్రమైన ఇంజన్ ఆయిల్ చుక్క రాసి నిటారుగా నొక్కండి, గ్రీజు రాయకండి. అన్నీ కూర్చున్నాక ప్రతి ఇంజెక్టర్ వేళ్లతో తిప్పితే కొంచెం తిరగాలి. బిగుసుకుపోయి తిరగకపోతే ఓరింగు మడతపడింది, తీసి చూడండి. రైలు బిగించాక, పైన సూపర్‌ఛార్జర్ కప్పేలోగా తాత్కాలికంగా బ్యాటరీ, ఫ్యూజు పెట్టి కీ ఆన్ చేసి లీకు చూసే వీలుంటే చూడండి. కొన్ని కిట్లలో రైళ్లు పైనే ఉంటాయి కాబట్టి తర్వాతైనా చూడొచ్చు, కొన్నిటిలో ఇదే ఆఖరి అవకాశం.

సూపర్‌ఛార్జర్ దించడం బలంతో చేసే పని కాదు. బరువు చాలానే ఉంటుంది. ఇద్దరు చేతులతో వంగి పట్టుకుని దించితే అంచు గాస్కెట్‌కి తగిలి గాస్కెట్ పక్కకి జరుగుతుంది. క్రేనుకి మెత్తటి బెల్టులు కట్టి ఒకరు దించుతూ ఉంటే, ఇంకొకరు రెండు పొడవాటి గైడు బోల్టుల మీదుగా కూర్చోబెట్టాలి. పోర్టుల టేపు తీసేది గాస్కెట్ పెట్టే క్షణంలోనే. ఎనిమిది టేపులూ చేతిలోకి వచ్చాయని తమ్ముడి చేత పైకి లెక్కపెట్టించండి. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి పట్టించాక, మధ్యనుంచి అంచులకు, మొదటి విడతలో సగం టార్క్, రెండో విడతలో పూర్తి టార్క్. లోపలి ఇన్‌టేక్ సీళ్లు కొత్తవే వేయండి. పాతవి బాగానే ఉన్నట్టు కనిపించినా, మానిఫోల్డ్ ఆకారంలోనే అణిగిపోయి ఉంటాయి.

బెల్టు, పుల్లీల దగ్గర చూడాల్సింది ఒక వరసలో ఉన్నాయా అన్నదే. పొడవాటి ఉక్కు స్కేలుని క్రాంక్ పుల్లీ ముఖం మీద ఆనించి, సూపర్‌ఛార్జర్ పుల్లీ, మధ్యలోని ఐడ్లర్లు ఆ గీతలో ఉన్నాయేమో చూడండి. మిల్లీమీటరు తేడా వస్తే కిట్టులోని షిమ్ము వాషర్లు సరైన చోట పడలేదన్నమాట. వరస తప్పిన బెల్టు మొదట అంచు నూలు వదులుతుంది, తర్వాత కూత పెడుతుంది, ఆఖరికి ఎగిరిపోతుంది. అదే బెల్టు వాటర్ పంపుని కూడా నడుపుతుంటే, బెల్టు ఎగిరిన నిమిషంలోనే ఇంజన్ వేడెక్కుతుంది. పుల్లీ సైజు లెక్క తేలికే: ఇంజన్ ఆర్‌పీఎంని క్రాంక్ పుల్లీ వ్యాసంతో గుణించి సూపర్‌ఛార్జర్ పుల్లీ వ్యాసంతో భాగించండి. క్రాంక్ ఆరున్నర అంగుళాలు, పైది మూడుంపావు అయితే నిష్పత్తి 2. ఇంజన్ 7,000 దగ్గర రోటర్లు 14,000 తిరుగుతాయి. పైదాన్ని మూడుకి తగ్గిస్తే 15,000 దాటుతుంది. బూస్ట్ పెరుగుతుంది, దానికంటే ఎక్కువగా వేడి పెరుగుతుంది. మొదటి ఏడాది కిట్టుతో వచ్చిన పుల్లీతోనే నడపండి.

వాక్యూమ్ గొట్టాల దగ్గర ఎక్కువ సమయం పెట్టండి. ఈ రకం కిట్టులో థ్రాటిల్ బాడీ రోటర్లకు ముందు ఉంటుంది, బూస్ట్ రోటర్ల తర్వాత ఉంటుంది. కాబట్టి ఏ గొట్టం రోటర్ల ముందునుంచి, ఏది వెనకనుంచి వస్తోందో తెలియాలి. బైపాస్ వాల్వు ఐడిల్‌లో, మామూలు నడకలో వాక్యూమ్‌తో తెరుచుకుని గాలిని రోటర్ల చుట్టూ తిప్పుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే వాక్యూమ్ పోయి, స్ప్రింగు దాన్ని మూసేస్తుంది, అప్పుడే బూస్ట్ వస్తుంది. చేతి పంపుతో దాని గొట్టానికి 10 అంగుళాల వాక్యూమ్ ఇవ్వండి. చిన్న కమ్మీ పూర్తిగా కదిలి, మీరు వదిలేదాకా అక్కడే నిలబడాలి. మెల్లగా జారిపోతుంటే డయాఫ్రమ్ చిరిగింది. ఈ గొట్టం తప్పుచోట తగిలిస్తే రెండింటిలో ఒకటి జరుగుతుంది. వాల్వు ఎప్పుడూ తెరిచే ఉంటే అంత పనీ చేసి బూస్టే రాదు. ఎప్పుడూ మూసే ఉంటే హైవే మీద నెమ్మదిగా పోతున్నా గాలి వేడెక్కుతూనే ఉంటుంది.

పీసీవీ గొట్టంలో ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వు బాణం గుర్తు సరిచూడండి. అది తిరగబడితేనో లేకపోతేనో బూస్ట్ క్రాంక్‌కేసులోకి ఎక్కి డిప్‌స్టిక్‌ని పైకి తంతుంది, వెనక సీలు కారడం మొదలవుతుంది. బ్రేకు బూస్టర్ గొట్టం కూడా ఇలాగే. గ్యారేజీ దాటకముందే, ఇంజన్ ఆపి పెడల్ రెండుసార్లు తొక్కితే సాయం మిగిలి ఉందో లేదో చూడండి.

బంపర్ విప్పి ముందు చిన్న రేడియేటర్ బిగించడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఇద్దరు కావాలి, ప్లాస్టిక్ క్లిప్పులు కొన్ని విరుగుతాయి, ఒక పది అదనంగా తెచ్చుకోండి. ఇంటర్‌కూలర్ నీటి వలయం మాత్రం శ్రద్ధగా చేయాలి. ట్యాంకు పైన, పంపు వీలైనంత కింద ఉండాలి. పంపుకి నీళ్లు ట్యాంకు నుంచి తమంతట దిగాలి, పంపు వాటిని పీల్చుకోలేదు. రిలే, ఫ్యూజు కిట్టులో ఇచ్చినవే వాడండి, ఎర్త్ వైరుకి పెయింటు గీకేసి శుభ్రమైన లోహం మీద బిగించండి. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ నీళ్లు పోసి, కారు ముక్కు కొంచెం పైకెత్తి, కీ ఆన్‌లో పంపు నడిపి, హోసుల్ని చేత్తో పిసుకుతూ గాలి బయటికి పంపండి. ట్యాంకు మూత తీసి చూస్తే నీళ్లు సుడి తిరుగుతూ ఉండాలి. ఉపరితలం కదలకుండా ఉందంటే, పంపు చప్పుడు వినిపిస్తున్నా నీళ్లు తిరగడం లేదన్నమాటే. గాలి పట్టి ఉంది. పావుగంటయినా బుడగలు ఆగేదాకా నడపండి. ఇంజన్ అసలు కూలెంట్ వలయానికి వాక్యూమ్ ఫిల్లర్ పరికరం అద్దెకు తెచ్చుకోండి. హెడ్‌లో గాలి మిగిలితే కొలత ముల్లు చెప్పేలోపే అక్కడ లోహం విపరీతంగా వేడెక్కుతుంది.

బానెట్ మూసేముందు సూపర్‌ఛార్జర్ మీద, పుల్లీ ముందు, హోసులు వంగే చోట్ల మైనం ముద్దలు పెట్టి మెల్లగా దించి ఎత్తి చూడండి. ముద్ద మందం పావు అంగుళం కంటే తక్కువ మిగిలితే, ఇంజన్ మౌంట్ల మీద ఊగినప్పుడు తగులుతుంది.

స్టార్ట్ చేసే రోజు. కొత్త ఫైలు రాసి, ఆయిల్ మార్చి, ఫ్యూజు పెట్టి, కీని మూడుసార్లు ఆన్ చేసి ఆపండి, రైలులో ప్రెషర్ ఎక్కుతుంది. తమ్ముడు టార్చితో ప్రతి ఇంజెక్టర్ మొదలు, లైను కలిసే చోటు చూడాలి. పెట్రోలు వాసన వస్తే అక్కడితో ఆపండి, "కొంచెమే కదా" అని స్టార్ట్ చేయకండి. యాక్సిలరేటర్ నేలకు అదిమి పట్టి క్రాంక్ చేస్తే ఇంజెక్టర్లు పెట్రోలు పోయవు, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా అలా తిప్పండి. అప్పుడు స్టార్ట్ చేయండి. రోటర్ల రకానికి ఐడిల్‌లో సన్నని గేర్ల చప్పుడు మామూలే, లోహం లోహానికి రాసుకునే శబ్దం మామూలు కాదు. ఇంజన్ వేడెక్కాక లాగింగ్ పరికరంలో రెండు వైపుల ఫ్యూయల్ ట్రిమ్‌లు (కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో) చూడండి. అయిదు శాతంలోపు ఉంటే మంచిది. రెండు వైపులా పది దాటి ప్లస్‌లో ఉంటే, పీ0171, పీ0174 కోడ్లు వస్తే, కొలవని గాలి ఎక్కడో లోపలికి పోతోంది. పొగ పెట్టే యంత్రంతో వెతకండి. చాలాసార్లు అది తగిలించడం మర్చిపోయిన చిన్న వాక్యూమ్ గొట్టమో, క్లాంపు బిగించని థ్రాటిల్ రబ్బరో అయి ఉంటుంది. ఒక్క వైపే తేడా ఉంటే ఆ వైపు మానిఫోల్డ్ సీలు చూడండి.

మొదటి వంద మైళ్లు బూస్ట్‌లోకి వెళ్లకుండా నడిపి, రోజూ చల్లారాక రెండు కూలెంట్ ట్యాంకులూ, బెల్టు అంచూ చూడండి. తర్వాత లాగ్. వీలుంటే డైనో (చక్రాల్ని రోలర్ల మీద తిప్పి శక్తి కొలిచే యంత్రం) మీద చేయండి, ఇంటి ముందు వీధిలో మాత్రం వద్దు. రికార్డు చేయాల్సినవి: ల్యాంబ్డా (సమతుల గాలి–పెట్రోలు మిశ్రమాన్ని 1గా తీసుకునే కొలత, తగ్గితే పెట్రోలు ఎక్కువ), స్పార్క్ టైమింగు, నాక్ సవరణ, రైలు ప్రెషర్, ఇంటర్‌కూలర్ తర్వాతి గాలి వేడి, ఇంజెక్టర్ డ్యూటీ, మిస్‌ఫైర్ లెక్క. ఈ కారుకి ముందు ఆక్సిజన్ సెన్సర్లు వైడ్‌బ్యాండ్ రకమే (మిశ్రమాన్ని విశాలమైన పరిధిలో కచ్చితంగా కొలిచేవి), అందుకే అదనపు గేజీ లేకపోయినా మొదటి చూపుకి ఇవి చాలు. మూడో గేరులో పూర్తి థ్రాటిల్‌లో ల్యాంబ్డా 0.80–0.82 మధ్య నిలవాలి. 0.86 దాటి పైకి పోతుంటే వెంటనే కాలు తీసేయండి. గాలి–పెట్రోలు నిష్పత్తిగా కాకుండా ల్యాంబ్డాగానే చూడమనడానికి కారణం ఉంది. పంపులో దొరికే పది శాతం ఇథనాల్ పెట్రోలుకి సమతుల నిష్పత్తి 14.7 కాదు, సుమారు 14.1. 14.7తో లెక్కకట్టే గేజీ మీద ఒకే అంకె రెండు రకాల పెట్రోళ్లకు రెండు అర్థాలిస్తుంది. రైలు ప్రెషర్ ఆర్‌పీఎం పెరిగేకొద్దీ పడిపోతుంటే పంపు చాలడం లేదు, ల్యాంబ్డా ఇంకా బాగున్నా అక్కడితో ఆపండి. నాక్ సవరణ గుర్తు ప్లస్సా మైనస్సా అన్నది లాగింగ్ పరికరాన్ని బట్టి మారుతుంది. టైమింగు కలుపుతోందా, తీస్తోందా అన్నది ట్యూనర్‌ని అడిగి నిర్ధారించుకున్నాకే లాగ్ చదవండి. బయట 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న డాలస్ మధ్యాహ్నం, ఇంటర్‌కూలర్ తర్వాతి గాలి వేడి ఒక పరుగులో 130–140కి చేరడం మామూలే. 160 దాటి, నెమ్మదిగా నడుపుతున్నా దిగి రాకపోతే నీటి పంపు తిరగడం లేదు లేదా గాలి పట్టింది. బూస్ట్ మధ్య ఆర్‌పీఎంలో బాగుండి పైన పడిపోతుంటే బెల్టు జారుతోంది. పుల్లీ మీద నల్లటి రబ్బరు పొడి కనిపిస్తుంది.

ఇంజన్‌లో ముందు లొంగేవేంటో కూడా తెలిసి ఉండాలి. కొయోటిలో ఆయిల్ పంపు గేర్లు లోహపు పొడిని అచ్చులో ఒత్తి చేసినవి. బూస్ట్ పెట్టి మాటిమాటికీ రెవ్ లిమిటర్‌ని కొట్టించే కార్లలో ఇవి పగిలి, సెకన్లలో బేరింగులు పోతాయి. దిమ్మనుంచి చెక్కిన బిల్లెట్ గేర్లు, దానితోపాటు క్రాంక్ స్ప్రాకెట్ వేయాలంటే ముందు కవరు మొత్తం విప్పాలి, అది కిట్టు పనికంటే పెద్ద పని. ట్రాక్‌కి వెళ్లే ఉద్దేశం ఉంటే ఇది ముందే చేయించండి. రోడ్డు మీదే నడిపేవాళ్లు లిమిటర్‌ని తాకకుండా నడిపితే ఫ్యాక్టరీ గేర్లతో చాలాకాలం నెట్టుకొస్తారు. క్లచ్ సంగతి అరవై వేల మైళ్ల కారులో తొందరగానే తేలిపోతుంది. నాలుగో గేరులో తక్కువ ఆర్‌పీఎం నుంచి తొక్కినప్పుడు ఇంజన్ ఎగిరి, స్పీడు వెంట రాకపోతే జారుతోంది. జారే క్లచ్‌తో నడిపితే ఫ్లైవీలు కూడా కాలుతుంది.

చట్టం, కాగితాల విషయం. 2025 జనవరి నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకు భద్రతా తనిఖీ తీసేశారు గానీ డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీల్లో ఎమిషన్ పరీక్ష అలాగే ఉంది. ఫైలు రాసినప్పుడు కంప్యూటర్‌లోని మానిటర్లన్నీ (ఎమిషన్ భాగాల్ని అది తనే పరీక్షించుకున్న ఫలితాలు) చెరిగిపోతాయి, అవి మళ్లీ పూర్తవకుండా పరీక్షకు వెళితే తిప్పి పంపుతారు. వారం పది రోజులు చల్లని స్టార్టులతో, హైవే నడకతో కలిపి నడిపి, స్కానర్‌లో చూసుకుని వెళ్లండి. క్యాటలిటిక్ కన్వర్టర్లు తీసేయకండి, అది ఫెడరల్ చట్టం ప్రకారమే నిషిద్ధం. కాలిఫోర్నియాలో కిట్టుకి ఈఓ (రాష్ట్ర కాలుష్య బోర్డు అనుమతి) నంబరున్న స్టిక్కరు బానెట్ కింద ఉండాలి, లేకపోతే స్మాగ్ పరీక్షలో పోతుంది. ఇన్సూరెన్సు కంపెనీకి కిట్టు సంగతి రాతపూర్వకంగా చెప్పి, బిల్లులు దాచండి. చెప్పకపోతే క్లెయిమ్ వేళ మాట్లాడటానికి ఏమీ మిగలదు. కొన్ని కిట్లకు కంపెనీ ఇచ్చే పవర్‌ట్రెయిన్ వారంటీ, సర్టిఫికెట్ ఉన్న మెకానిక్ బిగిస్తేనే వర్తిస్తుంది. మీరే బిగిస్తే అది వదులుకున్నట్టే, ఆ తేడా డబ్బు కూడా లెక్కలో వేసుకోండి. ఇండియాలో 2016 నుంచి అమ్మిన మస్టాంగ్ జీటీ యజమానులకైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పులతో రోడ్డెక్కడం అక్కడ చెల్లదు.

500 మైళ్ల దగ్గర ఆయిల్ మార్చి, పాత ఫిల్టరుని కోసి మడతల్లో మెరుపు రేణువులున్నాయేమో చూడండి. అప్పుడే హోసు క్లాంపులన్నీ ఒకసారి తిప్పి చూడండి, వేడికి రబ్బరు అణిగి కొంచెం వదులై ఉంటాయి. ఇంటర్‌కూలర్ ట్యాంకు మట్టం గుర్తు పెట్టుకుని వారం తర్వాత మళ్లీ చూడండి. బయట ఎక్కడా తడి లేకుండా ఆ మట్టం తగ్గుతుంటే కారు స్టార్ట్ చేయకండి. ప్లగ్గులు విప్పి సిలిండర్లలోకి చూసి, కోర్‌కి మళ్లీ 20 పీఎస్ఐ పెట్టండి.